కోసుడు కొసరు కాదు

మేడ్చల్,
జూన్ 5.

దుర్గత్తకు పద్మ రాసేది.

ఇక్కడ అందరం బాగున్నాం. నీ చెవులు ఎట్లున్నాయని అడగను. మొన్న నీకు వినపడాలని ఫోన్‌లో అరిస్తే, పక్క వాటాలో వాళ్లు మా ఇంట్లో కొట్లాట అనుకుని తలుపు కొట్టారు. వాట్సాప్ పెడతానంటే, వేలితో గీకేది కూడా ఒక రాతేనా అంటావు. ముప్పై ఏళ్లు బ్రాంచి పోస్టాఫీసు నడిపిన మనిషితో వాదించలేను. అందుకని బస్సులో గంట కూడా పట్టని శామీర్‌పేటకు, మూడు రోజులు పట్టే ఉత్తరం రాస్తున్నాను.

సంగతేమిటంటే, సోమవారం నాడు బోర్డు పెట్టాను. 'పద్మలత కన్సల్టెన్సీ.' పసుపు మీద నీలం అక్షరాలు. టైలర్ దుకాణం పక్కన చిన్న గది, ఒక బల్ల, మూడు కుర్చీలు. పదకొండేళ్లు ఫ్యాక్టరీలో స్టోర్సు, కొనుగోళ్లు, లైసెన్సు కాగితాలు అన్నీ చూశాను కదా, ఆ కంపెనీ వేరే రాష్ట్రానికి తరలిపోతే నాకు తెలిసింది కూడా తరలిపోవాలా అనిపించింది. చిన్న దుకాణాల వాళ్లకు, చిన్న వ్యాపారాల వాళ్లకు సలహా చెబుతాను, దానికి ఫీజు తీసుకుంటాను అనుకున్నాను. దసరా దాకా చూద్దామని నేనూ మా ఆయన రాఘవేందరూ మాట అనుకున్నాం. అప్పటికి నా పాత జీతంలో సగమైనా రాకపోతే మళ్లీ ఉద్యోగం వెతుక్కోవాలి.

మొదటి రోజు తొమ్మిది మంది వచ్చారు. నా సంబరం చూడాల్సింది. మొదటతను బయోడేటా చేతిలో పెట్టి, "మేడమ్, ఏ కంపెనీల ఖాళీలున్నయి? నైటు డ్యూటీ అయినా సరే" అన్నాడు. రెండో అమ్మాయి కెనడా వీసాకు ఎంతవుతుందని అడిగింది. ఇంకొకాయన డ్రైవింగ్ లైసెన్సు రెన్యువల్ చేయించమన్నాడు. తొమ్మిది మందిలో ఒక్కరు కూడా నా కోసం వచ్చిన వాళ్లు కాదు. మన దగ్గర కన్సల్టెన్సీ అంటే అయితే ఉద్యోగాలు, లేకపోతే వీసాలు అని నాకు తెలియదా? తెలుసు. పేరు గొప్పగా ఉండాలని పెట్టుకున్నాను.

అత్తా, నీకు మాత్రమే రాస్తున్నాను. ఒక్క దుకాణమైనా నడిపిన మనిషిని కాదు. ఇరవై ఏళ్లుగా వ్యాపారం చేసేవాళ్లకు చెప్పడానికి నేనెవరిని? బోర్డు చూసినప్పుడల్లా అక్కడ వేరే పద్మలత ఎవరో ఉన్నట్టు అనిపిస్తోంది.

నీ మేనకోడలు,
పద్మ.


శామీర్‌పేట,
జూన్ 13.

పద్మా,

నీ ఉత్తరం మూడు రోజుల్లో కాదు, నాలుగు రోజుల్లో వచ్చింది. నా కాలంలో అయితే రెండో రోజే చేరేది. ఆ ముచ్చట మళ్లీ చెప్పుకుందాం.

బోర్డు కథ చదివి నవ్వీ నవ్వీ నా కండ్లల్ల నీళ్లొచ్చినయి. తొమ్మిది మందిని ఊకె పంపించినవా? నాకు తెలుసు, పంపించవు. ఆ బయోడేటా పిల్లగాడికి ఏ గేటు కాడికి పోవాలో చెప్పి ఉంటవు. వీసా పిల్లకు కాగితాల లిస్టు రాసిచ్చి ఉంటవు. అవునా, కాదా? ఏడో తరగతిల ఉన్నప్పుడు మా పోస్టాఫీసుకు వచ్చి, నేను దినమంతా వెతికినా దొరకని పన్నెండు రూపాయల తేడాను పది నిమిషాల్లో పట్టిచ్చినవు. ఆ రోజు నేను నీకు పిప్పరమెంట్లు కొనిచ్చిన. లోపల మాత్రం ఈ పిల్ల ముందు నేను ఏ పాటి అనుకున్న. ఇన్నేళ్లకు చెప్తున్న.

నువ్వెవరివి అని అడిగినవు. నేను పోస్టాఫీసు తీసుకున్నప్పుడు నాకు పందొమ్మిదేళ్లు. "ఆడిపిల్ల చేతిల మా మనియార్డర్లా?" అన్నరు. నాకు ఏం తెలుసు? ముద్ర తిప్పి కొట్టిన రోజులు ఉన్నయి. కానీ పొద్దున తొమ్మిదింటికి తలుపు తీసి కూసున్న. రెండేండ్లకు వాళ్లే, "దుర్గాబాయి లేకుంటే ఊరు నడవది" అన్నరు. నువ్వు కూడా తొమ్మిదింటికి తలుపు తియ్యి.

ఇగ నాకు ఒక పని చేసిపెట్టు. నీ దగ్గరికి ఎవరొచ్చిన్రు, వాళ్ల కష్టమేంది, నువ్వేం చెప్పినవు, అంతా వివరంగా రాయి. చెవులు పోయినంక నాకు ముచ్చట్లు కరువైనయి. నీ రాతల మనుషులు నడుస్తరు, మాట్లాడుతరు. ముసల్దానికి పొద్దు పోవాలె.

అక్షరాలు కొంచెం పెద్దగా రాయి.

నీ అత్త.


మేడ్చల్,
జులై 6.

అత్తకు,

అక్షరాలు పెద్దగానే రాస్తున్నాను, కాగితాలు ఎక్కువయితే నన్ననకు.

నిజమైన కస్టమరు ఒకతను వచ్చాడు! సాయినాథ్ అని, బహదూర్‌పల్లిలో కర్రీ పాయింట్ నడుపుతాడు. "మేడమ్, పొద్దుమీకి నా దుకాణం ముందట జాతరే. నెల చివరికి చూస్తే చేతుల ఏం మిగుల్తలేదు. నాకు సమజైతలేదు, పరేషాన్ అయితున్న" అన్నాడు. నాకూ సమజు కాలేదు. కానీ ఆ మాట చెప్పకుండా, వచ్చి చూస్తానన్నాను.

మూడు సాయంత్రాలు ఆ దుకాణం మూలన స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఆ భార్యాభర్తల పని చూడాలి అత్తా! పదకొండు కూరలు. ఆమె ఒక్క చుక్క అరచేతిలో వేసుకుని నాలుకకు తగిలించి, ఉప్పెంత తక్కువో చెబుతుంది. ఆయన ప్యాకెట్టుకు దారం చుట్టే వేగానికి నా కళ్లు అందలేదు. వీళ్లకు నేను చెప్పేదేముందని మొదటి రోజు వెనక్కి వచ్చేశాను.

రెండో రోజు కనిపించింది. కొసరు. ప్యాకెట్టుకు ఒక గంటె కూర అని లెక్క. ఆయన నిండుగా ఒక గంటె పోస్తాడు. కొనేవాడు, "అన్నా, ఇంకింత" అంటాడు. ఆయన కాదనలేక ఇంకో సగం పోస్తాడు. నేను లెక్కపెట్టాను. నలభై మందిలో ముప్పై ఒక్కమంది అడిగారు. అంటే అడిగిన వాళ్లలో ఇద్దరికి అమ్మితే మూడో ప్యాకెట్టు కూర ఊరికే పోతోంది. అడగని తొమ్మిది మందికి ఏమీ లేదు. పాపం వాళ్లే మర్యాదస్తులు.

నాకు తోచింది ఇది. ఆ పెద్ద గంటె తీసేసి, దానిలో మూడో వంతు పట్టే చిన్న గంటె కొనాలి. రెండు గంటెలు పోసి చేయి ఆపాలి. మనిషి ముఖం చూడాలి. మూడోది నవ్వుతూ పోయాలి. చెప్పిన కొలత చెప్పినట్టే ఇస్తున్నాడు, ఎవరికీ చెంచాడు కూడా తగ్గదు. కానీ కొనేవాడికి కొసరు దొరికిన తృప్తి ఉంటుంది, నోరు తెరిచి అడగడు. కొసరు ఇచ్చేవాళ్ల చేతిలో ఉండాలి, అడిగేవాళ్ల నోట్లో కాదు. ఇంకోటి, పదకొండు కూరల్లో మూడు రోజూ మిగిలిపోతున్నాయి. వాటిని మానేయాలి.

ఇదంతా నీకు ఇంత చక్కగా రాశాను కదా. ఆయన ముందు నాలుక ఎండిపోయింది. "గంటె కొంచెం చిన్నది చూస్కోండి" అని ఏదో గొణిగాను. ఆయన అర్థంకాక తలూపాడు. ఫీజెంత అన్నాడు. "మీ ఇష్టం" అన్నాను. ఆయన ఇష్టం ఏమయిందంటే, బెండకాయ వేపుడు ఒక ప్యాకెట్టు, పప్పుచారు ఒక ప్యాకెట్టు.

రాఘవేందర్ తిని, "నీ ఫీజు మస్తు రుచిగున్నదే" అన్నాడు. నవ్వాను. తర్వాత వంటింట్లోకి పోయి కాసేపు ఏడ్చాను.

పద్మ.


శామీర్‌పేట,
జులై 14.

పద్మా,

ఏడ్చినవని రాసిన దగ్గర నేను ఆగిపోయిన. కాసేపటికి మళ్లీ చదివిన.

నీకు ఒక్కటే చెప్తున్న. నాకు రాసినవు చూడు, ఆ రెండు పేజీలు, అవే సాయినాథ్‌కు రాయి. "సాయినాథ్ గారికి" అని పైన పెట్టు, కింద సంతకం పెట్టు. నీ నోరు ఎండిపోతే పోనియ్యి, నీ కలం ఎండిపోలేదు కదా. నీ తీరు గది. ఇంగ్లీషుల కంప్యూటరు కాగితాలు ఇచ్చేటోళ్లు పట్నంల వెయ్యి మంది ఉండొచ్చు. దుకాణం మూలన మూడు రోజులు స్టూలు వేసుకొని కూసుని, ఎవడు అడిగిండు, ఎవడు అడగలేదు అని చూసేటోళ్లు ఎంతమంది? అడగనోళ్లను కూడా లెక్కపెట్టినవు. నాకు గర్వమనిపించింది.

"మీ ఇష్టం" అన్నందుకు మాత్రం నిన్ను ఏమనాలె? అనే మొఖం నాకు లేదు. పోస్టాఫీసుల ఉన్నన్ని రోజులు ఊరోళ్ల ఉత్తరాలు నేనే రాసిచ్చిన. మస్కట్‌ల ఉన్న మొగుళ్లకు, బ్యాంకోళ్లకు, మండలాఫీసుకు. స్టాంపు పైసలు అడగడానికి నోరు వచ్చేది. రాసినందుకు అడగడానికి రాకపోయేది. స్టాంపు సర్కారుది కదా, రాత నాది. నాది అనేసరికి నోరు పడిపోయేది. మన ఇంటి ఆడోళ్లకు ఈ రోగం ఉన్నది. నీతో ఆగిపోతే బాగుండు.

ఇంకో మాట. ఊకెనే అడుగుతున్న, ఏం లేదు. చేపలు అమ్మేటోళ్లున్నరు అనుకో. ఆదివారం పట్నపోళ్లు కార్లల్ల వస్తరు. చేప కొనుడు రెండు నిమిషాలు. పొలుసు తీసుడు, కడుగుడు, ముక్కలు కోసుడు ఇరవై నిమిషాలు. ఆ కోసుడు ఊకెనే చేసిస్తరు. ఈ లోపల వెనుక నిలబడ్డోళ్లు వెళ్లిపోతరు. దానికి నువ్వయితే ఏమంటవు? నాకు తోచక అడిగిన.

నీ అత్త.


మేడ్చల్,
ఆగస్టు 10.

అత్తకు,

నువ్వు చెప్పినట్టే రాశాను. రెండు పేజీలు, సంతకం. మూడు వారాల తర్వాత సాయినాథ్ దుకాణానికి పోతే, ఆ రెండు పేజీలకూ ప్లాస్టిక్ తొడుగు వేయించి గోడకు కొట్టాడు! దేవుడి ఫోటో పక్కన! "మేడమ్, పొద్దుగాల ఒకసారి చదివి గంటె పడుతున్న" అన్నాడు. నాకు నవ్వు రాలేదు, నా సంతకం ఉన్న చోటే చూస్తూ నిలబడ్డాను. ఇప్పుడు ఎంతో కొంత మిగులుతోందట. నాకు పదిహేను వందలిచ్చాడు. అది కూడా ఆయనే అనుకుని ఇచ్చింది. నేను నోరు తెరవలేదు.

ఈ మధ్యలో ఇంకో నలుగురు వచ్చారు. ఇస్త్రీ బండి ఆయన, టిఫిన్ల ఆమె, గౌడవెల్లి నుంచి పిండి గిర్ని మహేందర్, ఒక స్టేషనరీ ఆయన. నలుగురికీ ఉత్తరాలు రాశాను. నలుగురూ "ఫీజెంత" అన్నారు. నలుగురికీ "మీ ఇష్టం" అన్నాను. రెండు కిలోల జొన్నపిండి, నాలుగు దోసెలు, ఒక పెన్నుల డబ్బా వచ్చాయి. ఇస్త్రీ ఆయన రాఘవేందర్ చొక్కాలు మడత నలగకుండా పంపుతున్నాడు. మా ఇంటికి ఇప్పుడు అన్నీ వస్తున్నాయి, జీతం తప్ప.

నీ చేపల ప్రశ్నకు జవాబు. చేపకు ఒక ధర, కోసినందుకు ఇంకో ధర, రెండూ అట్టముక్క మీద రాసి ముందే పెట్టాలి. మాట తర్వాత చెబితే మోసం అనుకుంటారు, ముందు కనిపిస్తే లెక్క అనుకుంటారు. అందరూ అన్ని పనులూ చేయకూడదు. చేయి తిరిగిన ఇద్దరు కోతకే కూర్చోవాలి, మిగతావాళ్లు అమ్మాలి. కోసిన డబ్బు కోసిన వాళ్లకే. ఇంత పని చేత్తో చేసి, బురదా నెత్తురూ కడుక్కుని, అది ఊరికే ఇవ్వడం ఎందుకు? చేప చెరువుది, కోత వాళ్లది. కొసరు ఇవ్వాలనిపిస్తే గుప్పెడు కొత్తిమీరో, చిటికెడు మసాలా పొట్లమో వాళ్ల చేత్తో వాళ్లే ఇవ్వచ్చు.

తోచక అడిగావు, తోచింది రాశాను.

పద్మ.


మేడ్చల్,
సెప్టెంబర్ 7.

అత్తకు,

ఈ ఉత్తరం చిన్నది. ఒక మాట నెల రోజులుగా నీకు చెప్పలేదు.

మా పాత ఫ్యాక్టరీ మేనేజరు నరసింహ గారు ఇప్పుడు దూలపల్లిలో అట్టపెట్టెల కంపెనీలో ఉన్నారు. ఆగస్టు మొదట్లోనే ఫోన్ చేశారు. స్టోర్సు ఇంచార్జి, నెలకు ఇరవై నాలుగు వేలు. నిన్న సరేనన్నాను. దసరా తర్వాత, అక్టోబర్ ఆరో తారీఖున చేరాలి.

రాఘవేందర్ వద్దు అనలేదు. అంటే బాగుండేది. మూడు నెలల్లో నాకు చేతికి వచ్చింది నాలుగు వేలు, గదికి కట్టిన అద్దె ఆరు వేలు. నాకు పని వచ్చు అత్తా. ఆ సంగతి ఇప్పుడు నాకు తెలిసింది. ఎదుటివాళ్ల గంటె కొలత చెప్పగలను, నా గంటె నాకే పట్టుకోవడం రాలేదు. ఇది వ్యాపారం చేసే మనిషి లక్షణం కాదు.

బోర్డు పండుగకు తీసేస్తాను. నువ్వు బాధపడకు. నీకు రాయడం మాత్రం మానను.

పద్మ.


శామీర్‌పేట,
సెప్టెంబర్ 12.

పద్మా,

నీ ఉత్తరం అందింది. ఇగ నేను దాచింది చెప్తున్న. కోపానికి రాకు. వచ్చినా పూర్తిగా చదివి రా.

నీ ఉత్తరాలు నేనొక్కదాన్నే చదువుతలేను. మొదటి ఉత్తరం నాడు రోడ్డు పక్కన చేపలమ్మే బుచ్చమ్మ మా ఇంటికి చల్ల కోసం వచ్చింది. నేను చదువుతుంటే ఆగింది. కన్సల్టెన్సీ ముచ్చటకు కూలబడి నవ్వింది. రెండో ఉత్తరానికి రోజారాణిని తోలుకొచ్చింది. ఇప్పుడు పదకొండు మంది. నా గొంతు నాకు వినపడదు కదా, అందుకని రోడ్డు అవతలికి వినపడేటట్టు చదువుతనట. నీ మొగుడు ఫీజు తిన్న సంగతి కూడా అందరికీ ఎరుకే. వాళ్లు నాకేమన్నా చెప్పాలంటే రోజారాణి పలక మీద రాసి చూపిస్తది.

చేపల ప్రశ్న నాది కాదు, వాళ్లది. నీ జవాబు చదివిన ఆదివారమే అట్టముక్క పెట్టిన్రు. కోతకు కిలోకు ముప్పై. మొదటి కారాయన గుర్రుమన్నడు. "గింత ముక్క కోసుడుకు కూడా పైసలా?" అన్నడట. బుచ్చమ్మ కత్తి చేతిలో పట్టుకొనే నిలబడి, "కోసుడు కొసరు కాదు సారూ" అన్నది. అంతే, ఆ మాటనే రోజారాణి అట్ట మీద పెద్దగా రాసి పెట్టింది. ఇప్పుడు కార్లోళ్లు దాన్ని ఫోటోలు తీసుకుంటున్నరు. వానలు ఎక్కువ పడ్డ ఒక్క ఆదివారం తప్ప, అన్ని వారాలు కోతకే కూసున్న ఇద్దరికి కూలి కంటే మంచిగ పడ్డది. అందులో ఒకామెకు మోకాళ్లు నొస్తయి, బుట్ట మోయలేదు. ఆమె పని పోతదేమో అనుకున్నరు. ఆమెనే ఇప్పుడు అందరికంటే ముందు.

నిన్న నీ ఉద్యోగం ఉత్తరం చదివిన. తర్వాత బుచ్చమ్మ ఏదో అన్నది, రోజారాణి పలక మీద రాసింది. "ఇన్ని ముచ్చట్లు జెప్పినామెకు మనమేమిచ్చినం?"

పద్మా, నీ రాతను నేను ఊకె పంచిపెట్టిన. నాది నేను ముప్పై ఏళ్లు ఊకె ఇచ్చినని నీకు నీతులు చెప్పి, నీది కూడా అట్లనే ఇచ్చిన. ఆ తప్పు నాది. పోస్టాఫీసుల ఉన్నప్పుడు ఒకరి ఉత్తరం ఇంకొకరి ముందు విప్పలేదు. నీ విషయంల ఆ కట్టు తప్పిన. కానీ మాఫీ అడగను. నీ మాట నువ్వు చూడని చోట పని చేసింది. నువ్వు పక్కన లేవు, నీ ముఖం వాళ్లకు తెల్వది, మొహమాటం లేదు. ఉత్త మాటే పని చేసింది. నువ్వెవరివని జూన్‌ల అడిగినవు కదా. ఇది నా జవాబు.

ఇగ కింది ముక్క బుచ్చమ్మ చెప్తుంటే రోజారాణి పలక మీద రాసింది, నేను చూసి ఎక్కించిన.

"పద్మక్కా, మేము పదకొండు మందిమి. చేప వేయించి అమ్మే బండి పెట్టాలని ఉన్నది. లైసెన్సు కాగితాలు మాకు తెల్వయి. ఆదివారం కానప్పుడు హోటళ్లకు ఎట్ల అమ్మాలో తెల్వది. పైసలు మా నడుమ ఎట్ల పంచుకోవాలో తెల్వది, కొట్లాట అయితదని భయమున్నది. మూడు నెలలు నువ్వు మాకు కావాలె. నీ ఫీజెంత? జల్దీ చెప్పు."

నీ అత్త.


మేడ్చల్,
సెప్టెంబర్ 16.

అత్తకు, బుచ్చమ్మ, రోజారాణిలకు,

కోపం వచ్చింది. పోయింది. నాలుగుసార్లు చదివాను. రాఘవేందర్‌కు కూడా చదివి వినిపించాను, ఆయన కారాయన దగ్గరా, పలక దగ్గరా రెండుసార్లు ఆపించి మళ్లీ చదివించుకున్నాడు.

మీరు చేసిన పని ముందు నేను రాసింది ఏముంది! రాయడం సులువు. కారు దిగిన మనిషి కళ్లల్లోకి చూసి ఆ మాట అనడం కష్టం. అది బుచ్చమ్మకే చెల్లింది.

మీ పని తప్పకుండా చేస్తాను. ఉద్యోగంలో చేరినా ఆదివారాలు వస్తాను. ఫీజు అంటారా, మనవాళ్ల మధ్య ఫీజులేమిటి. మీ ఇష్టం.

పద్మ.


[ఇదే ఉత్తరం సెప్టెంబర్ 23న మేడ్చల్‌కు తిరిగి వచ్చింది. కొత్త కవరులో పెట్టి, మొదటి పేజీ మీద అడ్డంగా, ఎర్ర సిరాతో దుర్గాబాయి చేతిరాత:]

ఫీజు రాయలేదు.
స్వీకరించడం కుదరదు.
పంపినవారికి వాపసు.


మేడ్చల్,
సెప్టెంబర్ 24.

శామీర్‌పేట రోడ్డు చేపల అమ్మకందారులు
శ్రీమతి బుచ్చమ్మ, శ్రీమతి రోజారాణి, ఇంకా తొమ్మిది మందికి,

మీరు అడిగిన పని నేను చేస్తాను. అక్టోబర్ రెండో వారం నుంచి, మూడు నెలలు. వారానికి రెండు రోజులు మీ దగ్గర ఉంటాను, ఒకటి ఆదివారం. మొదటి రెండు వారాలు నేనేమీ చెప్పను, స్టూలు వేసుకుని చూస్తాను. తర్వాత మీకు ఉత్తరం రాస్తాను. లైసెన్సు కాగితాలు నింపిస్తాను, సర్కారు రుసుము మీది. హోటళ్ల దగ్గరికి మీతో వస్తాను, మాట్లాడేది మాత్రం మీరే. పదకొండు మంది పంచుకునే పద్ధతి అందరూ కూర్చున్నప్పుడు అందరి ముందే రాద్దాం.

నా ఫీజు మూడు నెలలకు పదిహేను వేల రూపాయలు. ఐదు వేలు ముందు, మిగతాది నెలనెలా.

ఈ ధర మీకు బరువైతే పని తగ్గించుకుందాం. ధర తగ్గించను.

ఇట్లు,
పద్మలత.

అత్తా, ఆ ఉత్తరం వేసి వచ్చాక రాసిన ఈ చిన్న కాగితం నీకు, వేరే కవరులో. ఇది పైకి చదవకు. ఆ చివరి రెండు మాటలు రాయడానికి నాలుగు కాగితాలు చింపాను. ఐదో కాగితం మీద రాసి, మనసు మారకముందే చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా పోస్టు డబ్బా దాకా పోయాను. వేశాక డబ్బా మూతి దగ్గర నిలబడ్డాను. చేయి దూరితే తీసేసుకునేదాన్నేమో. దూరలేదు. నీ డిపార్టుమెంటు వాళ్లు మంచి డబ్బాలు చేయించారు.


మేడ్చల్,
అక్టోబర్ 9.

అత్తకు,

ఇది కూడా పైకి చదువు, ఈసారి నేనే చెబుతున్నాను. చెరువు కట్ట దాకా వినపడేటట్టు చదువు.

నరసింహ గారికి ఫోన్ చేసి రాలేనని చెప్పాను. ఆయన కారణం అడిగారు, చెప్పాను. తర్వాత, "మా పెట్టెల కంపెనీకి ఒకసారి వచ్చి స్టోర్సు చూసిపోతవా మరి? ఫీజెంత?" అన్నారు. రోజుకు రెండు వేలు అని నా నోటితో నేనే చెప్పాను. నాలుక ఎండింది, కానీ మాట బయటికి వచ్చింది. సాయినాథ్‌కు కూడా ఉత్తరం రాశాను, ఇకనుంచి నెలకు రెండు వేలని. దాన్ని కూడా గోడకు కొట్టాడో లేదో తెలియదు, డబ్బయితే పంపాడు. అన్నీ కలిపినా పాత జీతంలో సగానికి ఇంకా కొంచెం తక్కువే. దసరా గడువు దాటిపోయింది. రాఘవేందర్‌ను అడిగితే, "గడువు మనం పెట్టుకున్నదే కదా. నన్నేం అడుగుతవ్? సంక్రాంతి దాకా జరుపుకో" అన్నాడు. ఆయన కంపెనీలో అందరికీ 'కోసుడు కొసరు కాదు' కథ చెప్పేశాడని నాకు తర్వాత తెలిసింది.

బోర్డు మార్పించాను. కన్సల్టెన్సీ తీసేశాను. 'పద్మలత. చిన్న వ్యాపారాలకు సలహా ఉత్తరాలు.' దాని కింద ఫీజు. పెయింటర్, "మేడమ్, గీ పైసలు గింత పెద్దగ రాయాల్నా?" అన్నాడు. రాయాలన్నాను.

అసలు ముచ్చట ఇది. మొన్న మంగళవారం పొద్దున తొమ్మిదింటికి తలుపు తీశానో లేదో, గడపలో ఒక పొట్టి మనిషి నిలబడి ఉంది. నెత్తిన బుట్ట, భుజాన తువ్వాల. నేను ఎన్నడూ చూడలేదు, అయినా గుర్తుపట్టాను. "బుచ్చమ్మవా?" అన్నాను. "బస్సు దొరికింది, వచ్చిన" అంది. కూర్చోమంటే కూర్చోలేదు. ముందు బోర్డు పైనుంచి కింది దాకా చూసింది. చదువు రాదు కదా, "ఏడ రాసినవు పైసలు?" అని అడిగి, నేను చూపిస్తే ఆ అంకెల మీద వేలు పెట్టి తడిమింది. పెయింటు ఆరిందో లేదో చూసినట్టు.

తర్వాత కొంగు ముడి విప్పింది. పది రూపాయలు, ఇరవైలు, వందలు, అన్నీ కలిపి ఐదు వేలు. పదకొండు మంది కలిసి వేసుకున్నారట. బల్ల మీద నా ముందే లెక్కపెట్టి, ఒకసారి నాతో కూడా లెక్కపెట్టించింది. నోట్లకు చేపల వాసన. నేను ఇన్నేళ్లు జీతం తీసుకున్నాను కానీ, ఒక్కో నోటు ఎవరి కొంగులోంచి వచ్చిందో అనుకుంటూ లెక్కపెట్టడం ఇదే మొదలు. "ఇంత పెద్ద మొత్తం..." అని మొదలుపెట్టాను. "అక్కా," అంది బుచ్చమ్మ, కారాయనను చూసినట్టే నన్ను చూసింది. నోరు మూసుకున్నాను.

డబ్బు నేను సొరుగులో పెట్టాక, అప్పుడు బుట్ట దించింది. ఆకులు తీసి, మూర పొడుగున్న కొర్రమట్ట చేపను రెండు చేతులా పట్టుకుని బల్ల మీద పెట్టింది. అప్పటికే పొలుసు తీసి, కడిగి, ముక్కలకు గాటు పెట్టి ఉంది.

ఇది ఎంత అని అడిగాను.

"పైసలు నీ ఫీజు," అంది. "గిది కొసరు. నువ్వు అడగలే, నేనే ఇస్తున్న."

పద్మ.